87 పైసల వడ్డీ, పాతిక వేల జీతం

గోదావరి జిల్లాల్లో వడ్డీ లెక్క ఎవరికీ నేర్పక్కర్లేదు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతమని రొయ్యల చెరువు వేసే రైతుకీ తెలుసు, గాజులు కుదువపెట్టే ఇల్లాలికీ తెలుసు. మేత అరువు మీద తెస్తే బస్తాకి ఎంత ఎక్కువ పడుతుందో, ఏ కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు) వస్తే ఆ తేడా పూడుతుందో చెరువు గట్టు మీద నిలబడే నోటిలెక్క కట్టేస్తారు. అదే మనిషి పిల్లని డిగ్రీలో చేర్పించేటప్పుడు మాత్రం లెక్క పక్కన పెట్టేస్తాడు. "చదువు దగ్గర వెనకాడకూడదండీ" అంటాడు. బ్రోషర్‌లో అద్దాల మేడ బొమ్మ, దాని కింద "బీకామ్ ఫైనాన్స్" అన్న మాట ఉంటే ఇంక అడిగేదేమీ ఉండదు.

ఇంటర్ అయిన పిల్లలు ఫైనాన్స్ వైపు వెళ్తామంటే సంతోషమే. కానీ ఈ రంగంలో మంచి ఉద్యోగాల గుమ్మం దగ్గర కూర్చున్నవి చాలావరకు పరీక్షలే. సీఏ, బ్యాంకు ఆఫీసర్, ఐఐఎంలలో ఎంబీఏ కోసం రాసే క్యాట్, వీటిలో ఏదీ మీ డిగ్రీ ఏ కాలేజీదని అడగదు. అడిగే ఉద్యోగాలూ ఉన్నాయి, వాటి సంగతి తర్వాత చెప్తాను. కాబట్టి ఇంటి దగ్గరున్న శక్తంతా మొదటి మూడేళ్ళకే ఊడ్చి పెట్టడం, నాట్లకే ఎరువంతా చల్లేసి పొట్ట దశలో చేతులు ముడుచుకున్నట్టు ఉంటుంది.

ఏ ఫైనాన్స్?

ముందు ఆ మాటని విప్పాలి. ఫైనాన్స్ అనేది ఒక ఉద్యోగం పేరు కాదు.

బ్యాంకు సంగతి తేలిక. ప్రొబేషనరీ ఆఫీసర్ పరీక్షకి ఏదో ఒక డిగ్రీ, 20 నుంచి 30 ఏళ్ళ మధ్య వయసు ఉంటే చాలు. బ్యాంకులకీ ఉద్యోగ సంఘాలకీ మధ్య జీతాల మీద కుదిరిన 12వ ద్వైపాక్షిక ఒప్పందం తర్వాత ఆఫీసర్ మూలవేతనం 48,480 దగ్గర, క్లర్కుది 24,050 దగ్గర మొదలవుతోంది. కరువు భత్యం, ఇంటద్దె భత్యం దీనికి అదనం. రిజర్వు బ్యాంకు గ్రేడ్ బీ ఆఫీసర్ పరీక్షకి మాత్రం జనరల్ అభ్యర్థులకి డిగ్రీలో 60 శాతం మార్కులుండాలి. ఈ 60 అన్న అంకె గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

సీఏ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే డెల్టాలో కామర్స్ పిల్లలకి ఇంతకంటే చవకైన పెద్ద దారి లేదు. ఇన్‌స్టిట్యూట్‌కి కట్టే రిజిస్ట్రేషన్లు ఫౌండేషన్, ఇంటర్, ఫైనల్ మూడింటికీ కలిపి అరలక్ష చుట్టుపక్కల తేలతాయి. పరీక్ష ఫీజులు, కోచింగ్ విడిగా చూసుకోవాలి. ఫౌండేషన్‌లో నాలుగు పేపర్లు: అకౌంటింగ్, బిజినెస్ లా, క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్, బిజినెస్ ఎకనామిక్స్. ఒక్కోటి 100 మార్కులు. ప్రతి దాంట్లో 40 రావాలి, మొత్తం మీద 200 రావాలి. పిల్లలు దెబ్బతినేది ఈ రెండో షరతు దగ్గరే. 60, 45, 48, 42 వచ్చిన పిల్ల అన్ని పేపర్లూ పాసైనట్టే కనిపిస్తుంది. కూడితే 195. తప్పింది. చివరి రెండు పేపర్లలో తప్పు జవాబుకి పావు మార్కు కోత ఉంటుంది కాబట్టి, ఈఏపీసెట్‌లో అలవాటైనట్టు ఆఖరి అయిదు నిమిషాల్లో మిగిలిన గళ్ళన్నీ నింపేస్తే ఉన్న మార్కులూ పోవచ్చు. ఎంపీసీ నుంచి వచ్చినవాళ్ళు లా పేపర్ దగ్గర, సీఈసీ వాళ్ళు లెక్కల దగ్గర జారుతుంటారు. పరీక్ష ఇంగ్లీషులోనో హిందీలోనో రాయాలి, తెలుగు లేదు. తెలుగు మీడియం పిల్లలకి అసలు అడ్డంకి అకౌంట్స్ కంటే లా జవాబుని ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు తిన్నగా రాయడం. దానికి ఆరు నెలలు ముందే చేతిరాత సాధన పెట్టాలి. లక్షల కాలేజీలో చేరినంత మాత్రాన అది రాదు.

డిగ్రీ చేశాక కూడా ఈ దారి మూసుకుపోదు. కామర్స్ డిగ్రీలో 55 శాతం, వేరే డిగ్రీలో 60 శాతం ఉంటే ఫౌండేషన్ రాయకుండా నేరుగా సీఏ ఇంటర్‌కి వెళ్ళొచ్చు. కొత్త పద్ధతిలో ఆర్టికల్‌షిప్, అంటే ఆడిటర్ దగ్గర చేసే శిక్షణ, రెండేళ్ళు. దాన్ని హైదరాబాద్ పెద్ద సంస్థలోనే చేయాలన్న మోజు ఒకటుంది. పెద్ద ఆడిట్ సంస్థలో ఒకే కంపెనీకి చెందిన ఒకే మూలని నెలల తరబడి చూడాల్సి రావచ్చు. భీమవరంలోనో రాజమండ్రిలోనో ఆడిటర్ దగ్గర చేరితే రైస్‌మిల్లు తవుడు పద్దు, రొయ్యల ఎగుమతిదారు జీఎస్టీ రీఫండు, కొబ్బరి మండీ చిట్టా, ట్రస్టు ఆడిట్ అన్నీ ఏడాదిలో చేతిలో పడతాయి. బహుళజాతి సంస్థలో ఉద్యోగం లక్ష్యమైతే మొదటిది మేలు, సొంత ప్రాక్టీసు పెట్టేవాళ్ళకి రెండోది మేలు. నా మొగ్గు రెండోదానికి.

ఒక్క హెచ్చరిక. సీఏ ప్రతి విడతలోనూ రాసినవాళ్ళలో ఎక్కువమంది తప్పుతారు. అందుకే పక్కన నడిచే డిగ్రీ బలంగా ఉండాలి. "సీఏ చదువుతున్నాడు కదా, డిగ్రీ ఎలాగో పాసైతే చాల్లే" అని 48 శాతంతో బయటపడిన కుర్రాడికి సీఏ దక్కకపోతే గ్రేడ్ బీ లేదు, సీఏ ఇంటర్‌లోకి నేరుగా వెళ్ళే దారీ లేదు. జనరల్ కేటగిరీ అయితే 50 శాతం అడిగే క్యాట్‌కి కూడా అర్హత పోయింది.

క్యాట్ గురించి ఒక్క మాట. ఐఐఎంలు ఇంటర్వ్యూకి పిలిచేటప్పుడు క్యాట్ స్కోరుతో పాటు పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులకీ బరువిస్తాయి. కాలేజీ పేరుకి అందులో గడి లేదు.

జీతం కాగితం విప్పి చూడండి

ఇక మిగిలింది హైదరాబాద్‌లో కంపెనీ ఉద్యోగాలు. ఖరీదైన బీకామ్, బీబీఏ కోర్సుల బ్రోషర్లలో కనిపించే పేర్లు ఎక్కువగా ఇక్కడివే. వెల్స్ ఫార్గో, జేపీ మోర్గాన్, స్టేట్ స్ట్రీట్, ఫ్యాక్ట్‌సెట్ లాంటి సంస్థలకి అక్కడ పెద్ద ఆఫీసులున్నాయి, నిజమే. తాజా డిగ్రీ పిల్లలకి వాటిలో దొరికే పని ఎక్కువగా ఖాతాల సరిపోల్చడం, ఫండ్ల లెక్కలు, కస్టమర్ల కేవైసీ పరిశీలన, అప్పు పత్రాల తనిఖీ. గౌరవమైన పనే, నేర్చుకునేదీ ఉంటుంది. అమెరికా వేళలకి పనిచేసే జట్టులో పడితే రాత్రి షిఫ్టు కూడా. కానీ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ అని కాలేజీ వాళ్ళు చెప్పుకునేది చాలాసార్లు ఆ పేరున్న సంస్థలో ఈ వెనకగది పనే.

4.2 లక్షల సీటీసీ (కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) ఆఫర్ వచ్చిందనుకోండి, ఉదాహరణకి. మూలవేతనం సగం, అంటే 2.1 లక్షలు. అందులో 12 శాతం, 25,200, యజమాని కట్టే పీఎఫ్. గ్రాట్యుటీ కింద సుమారు 10,100. ఆరోగ్య బీమా ప్రీమియం 8,000 అనుకుందాం. పనితీరు బట్టి ఇచ్చేది పది శాతం, 42,000, అదీ ఏడాది చివర, ఇస్తే. ఇవన్నీ పోగా మిగిలేది 3,34,700. నెలకి 27,892. అందులోంచి మీ వాటా పీఎఫ్ 2,100, వృత్తి పన్ను 200 పోతే బ్యాంకులో పడేది 25,592. గచ్చిబౌలి వైపు పీజీ హాస్టల్, తిండి, ప్రయాణం, ఫోను, పండక్కి ఊరొచ్చే బస్సు ఛార్జీలు తీసేస్తే పదివేలు మిగిల్చిన పిల్లని మెచ్చుకోవాలి.

ఇప్పుడు అప్పు వైపు చూద్దాం. బయట ఊళ్ళో ప్రైవేటు యూనివర్సిటీలో ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి 3 లక్షలు, మూడేళ్ళకి 9 లక్షలు బ్యాంకు అప్పు. వడ్డీ 10.5 శాతం. మన భాషలో నూటికి నెలకి 87 పైసల చిల్లర. రెండు రూపాయల వడ్డీ చూసిన కంటికి అది ఉత్త పుణ్యానికి ఇచ్చినట్టే కనిపిస్తుంది. కోర్సు మూడేళ్ళు, ఆ పైన ఒక ఏడాది వాయిదాలు కట్టక్కర్లేదు. కానీ బారు వడ్డీ పేరుకుంటూనే ఉంటుంది: మొదటి ఏడాది నెలకి 2,625, రెండో ఏడాది 5,250, మూడో ఏడాదీ ఆ తర్వాతి ఏడాదీ 7,875. నాలుగేళ్ళకి 2,83,500. అంటే వాయిదాలు మొదలయ్యే రోజుకి అప్పు 9 లక్షలు కాదు, 11.83 లక్షలు దాటింది. పదేళ్ళ గడువుకి నెలవాయిదా 15,970 చుట్టూ తేలుతుంది. పిల్లకి మిగిలేది పది వేలు. ఆ ఆరు వేల తేడా ఇంటి నుంచే రావాలి. కలిపి చూస్తే 9 లక్షలకి కట్టేది 19 లక్షల పైచిలుకు.

చదువుతున్నప్పుడే నెలనెలా ఆ వడ్డీ ఇంటివాళ్ళు కట్టేస్తే వాయిదా 12,144కి దిగుతుంది. అలా కట్టేవాళ్ళకి కొన్ని బ్యాంకులు వడ్డీలో ఒక శాతం దాకా తగ్గిస్తాయి కూడా. పంట చేతికొచ్చినప్పుడు ఒకేసారి ఆరు నెలల వడ్డీ కట్టేసినా సరే. ఎలాగూ అప్పు చేయక తప్పనివాళ్ళు కనీసం ఇది చేయాలి.

తనఖా దగ్గర మన ప్రాంతానికి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. 4 లక్షల వరకు తనఖా లేదు, 7.5 లక్షల వరకు క్రెడిట్ గ్యారంటీ పథకం కింద ఇవ్వొచ్చు. అది దాటితే ఆస్తి చూపించమంటారు. "రెండెకరాల మాగాణి ఉంది, పాస్‌బుక్ పెడతాం" అని వెళ్తే మేనేజర్ మొహం చిట్లిస్తాడు. 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, బాకీ పడితే కోర్టు బయట జప్తు చేసే వీలుండదు. అందుకని డాబా ఇల్లో, ఇళ్ళ స్థలమో అడుగుతారు. తాత పేరు మీదే ఉండిపోయిన ఇంటి కాగితాలు, పంచాయతీ అనుమతి లేని పై అంతస్తు, అన్నదమ్ముల మధ్య రిజిస్టర్ కాని పంపకాలు, ఇవన్నీ లీగల్ ఒపీనియన్ దగ్గర బయటపడతాయి. జూలైలో ఫీజు గడువు పెట్టుకుని జూన్‌లో బ్యాంకుకి వెళ్తే అక్కడ తెమలదు, చివరికి రెండు రూపాయల వడ్డీకే తేవాల్సి వస్తుంది. వెళ్ళేదుంటే ఏప్రిల్‌లోనే ఆస్తి లావాదేవీలు చూపే ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లతో వెళ్ళండి.

కాలేజీ విలువ తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది, బ్యాంకు మేనేజర్‌ని అడగడం. పేరున్న సంస్థల జాబితా ఒకటి పెట్టుకుని వాటిలో సీటొస్తే పెద్ద మొత్తం కూడా తనఖా లేకుండా, తక్కువ వడ్డీకి ఇచ్చే బ్యాంకులున్నాయి. ఐఐఎం సీటు పట్టుకెళ్తే ఎదురొచ్చి ఇస్తారు. కేంద్రం 2024 నవంబర్‌లో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకానికీ ర్యాంకింగుల ఆధారంగా తయారుచేసిన సంస్థల జాబితా ఉంది, మొదలైనప్పుడు 860. అందులో చేరిన పిల్లల ఇంటి ఆదాయం 8 లక్షల లోపైతే, 10 లక్షల వరకు అప్పు మీద చదువు కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ వస్తుంది, ఏడాదికి లక్ష మంది పరిమితితో. మీరు అనుకుంటున్న కాలేజీ ఏ జాబితాలోనూ లేదంటే, డబ్బు తిరిగి రావడమే వృత్తిగా ఉన్నవాడు దాని మీద ఏమనుకుంటున్నాడో తెలిసినట్టే.

ఖర్చు పెట్టదగ్గ చోట్లు

కాలేజీ పేరు నిజంగా పనిచేసే తలుపులు కొన్నున్నాయి. ముంబైలో ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులు, కన్సల్టింగ్ సంస్థలు డిగ్రీ పిల్లల్ని నేరుగా తీసుకునేది చాలా కొద్ది క్యాంపస్‌ల నుంచే. విచిత్రమేమంటే వాటిలో కొన్ని చవకవే. ఢిల్లీ శ్రీరామ్ కాలేజ్ ఆఫ్ కామర్స్ ఏడాది ఫీజు వేలల్లోనే ఉంటుంది, అసలు ఖర్చు ఢిల్లీలో ఉండడానికి, తినడానికి. 2022 నుంచి అక్కడికి దారి సీయూఈటీ, కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష. ఆ పరీక్ష తెలుగులో కూడా రాయొచ్చు. మనవాళ్ళు పోగొట్టుకునేది దరఖాస్తు దగ్గర: ఫారాలు వచ్చేవేళకి ఇంటర్ పబ్లిక్ పరీక్షల హడావిడిలో ఉండి, ఫలితాలొచ్చాక ఢిల్లీ అంటారు. ఎకనామిక్స్ ఆనర్స్ కావాలంటే సీయూఈటీలో మ్యాథ్స్ రాయాల్సిందే. సీఈసీ పిల్లలకి ఇది ఆలస్యంగా తెలుస్తుంది.

లెక్కల్లో నిజమైన పదును ఉన్న పిల్లలైతే కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో స్టాటిస్టిక్స్ డిగ్రీ, బీస్టాట్. అక్కడ ఫీజు తీసుకోరు సరికదా నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. రిస్కు లెక్కలు, గణితంతో పెట్టుబడుల లెక్క కట్టే క్వాంట్ ఉద్యోగాల వాళ్ళు ఆ పేరు వింటే లేచి కూర్చుంటారు. డెల్టాలో ఎంపీసీ చదివి ఇంజనీరింగ్ తప్ప ఇంకోటి వినని ఇళ్ళకి ఈ పేరు చేరకపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

ఐఐఎం ఇండోర్ 2011లో మొదలుపెట్టిన అయిదేళ్ళ కోర్సు ఖరీదైనదే, మొత్తం 30 లక్షలు దాటుతుంది. కానీ అందులో ఎంబీఏ కూడా కలిసి ఉంది కాబట్టి దాన్ని మూడేళ్ళ బీబీఏ ఫీజుతో పోల్చకూడదు. సీటు వస్తే అప్పు చేసినా తప్పులేదు.

అప్పు చేయకూడనివి ఇలాంటి పేరున్న చోట్లకీ ఇంటి దగ్గర కాలేజీకీ మధ్య ఉండేవి. ముఖ్యంగా "బీకామ్ విత్ ఏసీసీఏ", "బీబీఏ విత్ సీఎఫ్ఏ" అన్న తగిలింపు కోర్సులు. ఏసీసీఏ బ్రిటన్ అకౌంటింగ్ అర్హత, సీఎఫ్ఏ అమెరికా పెట్టుబడుల విశ్లేషణ అర్హత; మొదటిదాని పరీక్ష ఫీజులు పౌండ్లలో, రెండోదానివి డాలర్లలో, ఆ సంస్థలకి కట్టాల్సినవి. కాలేజీ ఇచ్చేది కోచింగ్ మాత్రమే. ఏసీసీఏ చేసినా ఇక్కడ ఆడిట్ రిపోర్టు మీద సంతకం పెట్టే హక్కు రాదు, అది సీఏకే. సీఎఫ్ఏ మొదటి స్థాయి డిగ్రీ పూర్తవడానికి 23 నెలల ముందు నుంచి ఎవరైనా విడిగా రాసుకోవచ్చు. కాబట్టి అడగాల్సింది ఇది: తగిలింపు లేని బీకామ్‌కీ దీనికీ ఫీజు తేడా ఎంత, అందులో పరీక్ష ఫీజు కలిసి ఉందా, పోయిన బ్యాచ్‌లో ఎంతమంది చేరి ఎంతమంది అన్ని పేపర్లూ పూర్తిచేశారు? మూడో ప్రశ్నకి జవాబుగా ఒక టాపర్ ఫొటో చూపిస్తే లేచి వచ్చేయండి.

ప్లేస్‌మెంట్ల కాగితమూ ఇంతే. సగటు జీతం వద్దు, మధ్యస్థం, అంటే జీతాలన్నీ వరసగా పేరిస్తే నడిమిది, చెప్పమనండి. ముగ్గురికి 15 లక్షలు, నలభై మందికి 3 లక్షలు వస్తే సగటు 3.84 లక్షలని రాస్తారు, మీ పిల్లకి వచ్చేది 3. చేరినవాళ్ళు ఎంతమంది, ఉద్యోగానికి నమోదైనవాళ్ళు ఎంతమంది అని కూడా అడగండి. 180 మంది చేరిన చోట 60 మందే నమోదై 57 మందికి ఉద్యోగాలొస్తే 95 శాతమని ప్రకటన వేస్తారు.

ఇంటి దగ్గర కాలేజీ

రాజమండ్రి గవర్నమెంట్ కాలేజీ, కాకినాడ పీఆర్, భీమవరం డీఎన్ఆర్, నరసాపురం వైఎన్, ఇవేవీ చిన్న పేర్లు కావు. ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌లో కన్వీనర్ సీటు తెచ్చుకుని, ఆదాయం 2.5 లక్షల లోపుంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాకి వర్తించదు. 75 శాతం హాజరు తప్పనిసరి. సీఏ కోచింగ్ కోసం విజయవాడలో ఉంటూ డిగ్రీ కాలేజీకి మొహం చూపించకుండా నడిపించే ఏర్పాట్లు ఇక్కడే తేడా కొడతాయి. ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైతే కాలేజీ ముందు మిమ్మల్నే అడుగుతుంది, ఒక ఏడాది ఫీజు చేతిలో ఉంచుకోవడం మంచిది.

ఈ కాలేజీల లోటు నాకూ తెలుసు. పెద్ద కంపెనీలు వెతుక్కుంటూ రావు, తరగతిలో ఇంగ్లీషు మాట్లాడే వాతావరణం తక్కువ. పక్కన కూర్చున్నవాడు వేసవిలో ముంబైలో ఇంటర్న్‌షిప్ చేస్తుంటే కలిగే కసి ఇక్కడ పుట్టదు. అది నిజమైన నష్టమే. కానీ ఆ నష్టానికి 9 లక్షలు ధర కాదు. పాలకొల్లు నుంచి భీమవరం వెళ్ళొచ్చే పిల్లకి సాయంత్రం నాలుగు తర్వాత రోజుకి నాలుగు గంటలు దొరుకుతాయి. మొదటి ఏడాది ఎక్సెల్, టాలీ, రోజూ అరగంట ఇంగ్లీషు బిజినెస్ పేపర్ పైకి చదవడం. రెండో ఏడాది ఊళ్ళో ఆడిటర్ ఆఫీసులో జీఎస్టీ రిటర్న్‌ల సీజన్‌లో చేతిపని, జీతం లేకపోయినా. మూడో ఏడాది ఏ పరీక్షో ఒక్కటి ఎంచుకుని దానికే కట్టుబడడం. మూడేళ్ళూ 60 శాతం పైన ఉండడం. ఇలా మిగిలిన డబ్బులో లక్షన్నర, రెండు లక్షలతో డిగ్రీ తర్వాత ఏడాది పాటు హైదరాబాద్‌లో ఉండి సీఏ ఇంటర్‌కో బ్యాంకు పరీక్షకో చదువుకోవచ్చు. ఆ ఏడాదే కీలకం. ముందే అప్పులో మునిగిన ఇంట్లో పిల్లకి ఆ ఏడాది దొరకదు, దొరికిన మొదటి ఉద్యోగంలో చేరిపోవాల్సిందే.

మే నెలలో ఫోన్లు మొదలవుతాయి. "ఈ వారం కడితే పాతిక వేలు తగ్గింపు, సీట్లు అయిపోతున్నాయి" అంటారు. తొందరపడి కట్టేశారనుకోండి, తర్వాత సీయూఈటీలోనో కన్వీనర్ కోటాలోనో మంచి సీటొచ్చింది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం, ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులో అంతకంటే ముందో రద్దు చేసుకుంటే కొద్దిపాటి ప్రాసెసింగ్ ఛార్జీ పోను ఫీజు మొత్తం వెనక్కివ్వాలి, ఆ 15 రోజుల్లోపైతే 90 శాతం, చివరి తేదీ దాటిన 15 రోజుల్లోగా 80 శాతం, 30 రోజుల్లోగా 50 శాతం, ఆ తర్వాత సున్నా. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి వెనక్కివ్వాలి తప్ప దగ్గర పెట్టుకోకూడదు. రద్దు కోరుతూ ఇచ్చే కాగితం రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద తేదీతో ఆఫీసు ముద్ర వేయించుకుని తెచ్చుకోండి. ముద్ర వేయనంటే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.